పెడన అద్దకం షెడ్డు: ఉక్కపోత ఊళ్ళో కప్పు వేడిని ఆకాశానికి పంపబోతే

2023 డిసెంబరులో ఒకరోజు పొద్దున ఆరున్నరకి పెడన నుంచి షెడ్డు యజమానురాలి ఫోన్ వచ్చింది. "బాబూ, రంగు వేస్తే కప్పు చల్లబడుద్దన్నావు. చల్లబడింది, కాదనను. ఇప్పుడు షెడ్డులో వాన కురుస్తోంది. ఒకసారి వచ్చి చూసిపో." బయట వాన లేదు. మబ్బు తునక కూడా లేదు. ఆకాశం అంత నిర్మలంగా ఉండటమే అసలు కారణమని ఫోన్ పెట్టేసేలోపే నాకు అర్థమైంది. సిగ్గు కూడా వేసింది. ముందే ఊహించి ఉండాల్సింది.

విజయవాడలో ఉంటాను. భవనాల్లో వేడి, గాలి, వెలుతురు లెక్కలు చూడటం నా పని. ఈ కేసు ఒక కలంకారీ అద్దకం షెడ్డుది, దాన్ని ఆనుకుని ఉన్న డాబా ఇంటిది. పెడన బందరు పక్కనే ఉంటుంది. వేసవిలో అక్కడ థర్మామీటరు విజయవాడ కంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువే చూపిస్తుంది, కానీ ఆ ఉక్కపోత ముందు మా ఎండే నయమనిపిస్తుంది. షెడ్డు సుమారు 2,400 చదరపు అడుగులు. ఇనుప రేకులు, వాటి మీద ఎప్పుడో వేయించిన వెండి రంగు. లోపల పొడుగాటి బల్లలు, వాటి ముందు నిలబడి పొద్దస్తమానం అచ్చులు అద్దే పదిహేను మంది. ఫ్యాన్లు జోరుగా తిప్పితే అచ్చు మీద రంగు త్వరగా ఆరిపోతుందని సగం వేగంతోనే తిప్పుతారు. ఏసీ అనే మాటే లేదు.

యజమానురాలు పెద్దావిడ. నన్ను పిలవకముందే ఒక కంపెనీ మనిషి వచ్చి, కరెంటు లేకుండా పట్టపగలు కూడా గాలి కంటే చల్లగా ఉండే ఫిల్మ్ ఉందని, అది అంటిస్తే చాలని చెప్పి వెళ్ళాడు. "ఇది నిజమేనా, లేక మమ్మల్ని ఎర్రోళ్ళని చేస్తున్నాడా?" అని అడిగారు. నిజమేనన్నాను. కానీ ఏ ఊళ్ళో నిజమన్నది కూడా చూడాలన్నాను.

ఆకాశం ఎంత పుచ్చుకుంటుంది

వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనపడని కిరణాలుగా వేడిని వదులుతూనే ఉంటుంది. మన కప్పులు వదిలే కిరణాల్లో దాదాపు మూడో వంతు 8 నుంచి 13 మైక్రోమీటర్ల తరంగాల్లో పోతుంది. మన అదృష్టం కొద్దీ గాలి ఆ తరంగాలను పెద్దగా అడ్డుకోదు. అది కిటికీ లాంటిది, దాని గుండా కప్పు వేడి నేరుగా పైకి, అంతరిక్షం చలిలోకి వెళ్ళిపోతుంది. రాత్రి ఆరుబయట నిలిపిన కారు మీద మంచు పట్టి, పక్కనే చెట్టు కింద ఉన్న బండి పొడిగా ఉండటం అందరం చూశాం. మొదటిది ఆకాశాన్ని చూసింది, రెండోది ఆకుల్ని చూసింది, తేడా అంతే. 18వ శతాబ్దంలో అలహాబాదులో చలికాలం రాత్రుళ్ళు ఎండు కాడల పరుపుల మీద పల్చటి మట్టి మూకుళ్ళలో నీళ్ళు పెట్టి ఐసు చేసేవారు. రాబర్ట్ బార్కర్ అనే ఆయన 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ పద్ధతిని వివరంగా రాశాడు. గాలి పొడిగా, ఆకాశం తేటగా ఉన్న రాత్రుల పని అది.

ఇక్కడే తీరప్రాంతం దెబ్బ తింటుంది. గాలిలో తేమ పెరిగేకొద్దీ ఆ కిటికీకి తెర పడుతుంది. ఆవిడకి కాగితం మీద లెక్క వేసి చూపించాను. గాలి, కప్పు రెండూ 30 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. కప్పు చదరపు మీటరుకి సుమారు 430 వాట్లు పైకి వదులుతుంది. గాలి ఏ వేడికి దిగితే అందులోని తేమ నీటి బొట్లుగా మారుతుందో దాన్ని మంచు బిందువు అంటారు. అది 5 డిగ్రీలుండే పొడి ఊళ్ళో ఆకాశం అందులో 320 తిప్పి పంపిస్తుంది, 110 వాట్లు నిఖరంగా పోతాయి. మే నెల పెడనలో మంచు బిందువు 25 పైనే ఉంటుంది. అక్కడ ఆకాశం 385 దాకా వెనక్కి ఇస్తుంది. మిగిలేది 45. ఇదీ మబ్బు లేనప్పుడే. మబ్బు కమ్మితే ఆ 45 కూడా చాలావరకు పోతుంది.

"అంటే ఆకాశం పిసినారిదన్నమాట" అన్నారావిడ. నేను ఇంత చక్కగా చెప్పలేకపోయేవాణ్ణి.

గన్ చెప్పిన అబద్ధం

మొదట ఉన్న పరిస్థితిని కొలవాలి. ఏప్రిల్ నెలాఖరున మధ్యాహ్నం ఒంటిగంటకి నిచ్చెనెక్కి, తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ పెడితే రేకు 38 డిగ్రీలంది. చెయ్యి ఆనిస్తే కాలింది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు పడే గుంట ఇదే. మెరిసే లోహం తన వేడిని సరిగ్గా వదలదు, పైగా ఎదురుగా ఉన్న ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది. గన్ కొలిచింది సగం రేకునీ, సగం ఆకాశాన్నీ. నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క రేకు మీద అంటించి, ఐదు నిమిషాలాగి, ఆ టేపు మీద కొలిస్తే 60 దాటింది.

ఈ అబద్ధంలోనే జబ్బు ఏమిటో కూడా దొరికింది. వెండి రంగు ఎండని కొంత తిప్పికొడుతుంది, కానీ పట్టుకున్న వేడిని వదిలే గుణం దానికి తక్కువ. ఆ గుణాన్ని ఎమిసివిటీ అంటారు. తెల్ల పెయింటుకి, సున్నానికి, సిమెంటుకి అది 0.9 దగ్గర ఉంటుంది. అల్యూమినియం రంగుకి అందులో సగం కూడా ఉండకపోవచ్చు. మెరిసేదంతా చల్లన అనుకుని వెండి రంగు వేయించేవాళ్ళు మన వైపు ఇంకా చాలామంది ఉన్నారు. ఎండలో పెట్టిన స్టీలు గ్లాసు ఎందుకంత కాలుతుందో ఒకసారి ఆలోచించాలి వాళ్ళు.

ఫిల్మ్‌ని పరీక్షకి పెట్టాం

కంపెనీ మనిషిని రెండడుగుల నమూనా ముక్క అడిగి తీసుకున్నాను. ఆ ఫిల్మ్ వెనక ఉన్న సైన్సు గట్టిదే. స్టాన్‌ఫర్డ్‌లో ఆశ్వత్ రామన్, షాన్‌హ్వీ ఫాన్ బృందం 2014లో హాఫ్నియం ఆక్సైడు, సిలికా పొరలతో చేసిన పలక 97 శాతం ఎండని తిప్పికొట్టి, నేరుగా ఎండ పడుతుండగానే గాలి కంటే దాదాపు 5 డిగ్రీలు చల్లగా నిలిచింది. 2018లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు సూక్ష్మరంధ్రాలున్న పాలిమర్ పూతతోనూ, 2021లో పర్డ్యూలో షూలిన్ రువాన్ బృందం బేరియం సల్ఫేటు నింపిన తెల్ల పెయింటుతోనూ అలాంటి ఫలితమే తెచ్చారు. పర్డ్యూ పెయింటు 98 శాతం ఎండని తిప్పికొడుతుంది.

మరి పెడనలో? ఫిల్మ్ 95 శాతం తిప్పికొడుతుందనుకుంటే, మధ్యాహ్నం 900 వాట్ల ఎండలో 45 వాట్లు లోపలికి పోతాయి. ఆకాశం తీసుకునేది కూడా ఆ 45 వాట్లే. జమా ఖర్చూ సరి, ఫిల్మ్ గాలి వేడి దగ్గరే ఆగిపోతుంది. దుమ్ము పడి 90 శాతానికి తగ్గితే వచ్చేది 90 వాట్లు, అప్పుడు గాలి కంటే వేడిగానే ఉంటుంది. పొడి ఊళ్ళో అయితే ఆ దుమ్ముని భరించే వెసులుబాటు ఉంటుంది. ఇక్కడ ప్రతి శాతానికీ లెక్క చెప్పుకోవాల్సిందే.

థర్మాకోల్ పెట్టె మీద ఫిల్మ్ పరిచి, వెనక సెన్సర్ అంటించి, పక్కన నీడలో గాలి వేడి కొలిచే ఇంకో సెన్సర్ పెట్టాం. మే మధ్యాహ్నాల్లో రెండూ దాదాపు ఒకే గీత మీద నడిచాయి. ఒకటి రెండు రోజులు ఫిల్మ్ ఒక డిగ్రీ కిందకి దిగింది. సముద్రపు గాలి మొదలవగానే ఆ ఒక్క డిగ్రీ కూడా పోయేది. కాలుతున్న కప్పుకి గాలి మేలు చేస్తుంది. గాలి కంటే చల్లబడాలని చూసే దానికి మాత్రం అదే గాలి వేడి మోసుకొస్తుంది. రామన్ బృందం తమ పలక మీద గాలి తగలకుండా పల్చటి పాలిథీన్ కప్పింది ఇందుకే. 2,400 చదరపు అడుగుల షెడ్డు మీద పాలిథీన్ ఎవరు కప్పుతారు, కప్పినా బందరు గాలికి ఎన్నాళ్ళుంటుంది?

పక్కనే రేకు ముక్క మీద మామూలు తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు వేసి పెట్టాను. అది గాలి కంటే ఆరేడు డిగ్రీలు వేడిగా ఉంది. వెండి రంగు రేకు గాలి కంటే ఇరవై పైన ఉంది. వెండి నుంచి తెలుపుకి వస్తే దక్కేది పదిహేను డిగ్రీలు, తెలుపు నుంచి ఫిల్మ్‌కి వెళ్తే ఇంకో ఆరేడు. ఆ ఆరేడు డిగ్రీల కోసం చెప్పిన ధర పెయింటు ఖర్చుకి నాలుగు రెట్ల పైనే. పైగా మొదటి వానకాలం తర్వాత అందులో ఎంత మిగులుతుందో అనుమానం. ఫిల్మ్ వద్దన్నాను.

పని

రేకులకి వైరు బ్రష్, తుప్పు చోట్ల రెడాక్సైడు, ఆ పైన ప్రైమర్, దాని మీద తెల్ల పెయింటు రెండు పూతలు. డాబా ఇంటి శ్లాబుకి మాత్రం సున్నమే చాలన్నాను. మేస్త్రీ తన పాత మంత్రం తీశాడు: "సున్నంలో తెల్ల సిమెంటు, కాస్త జిగురు కలిపి మూడు సార్లు కొడితే సరిపోద్ది సార్, డబ్బా పెయింటు దండగ." శ్లాబు విషయంలో అతను చెప్పింది నిజం. రేకుల మీద సున్నం నిలవదు, పెచ్చులూడుతుంది. అది అతనికీ తెలుసు, అందుకే రేకుల ఊసెత్తలేదు.

మధ్యలో ఆవిడ ఒక మాటన్నారు. ఆవిడ చిన్నతనంలో వాళ్ళ తాతగారింటి డాబాకి వేసిన సున్నపు గచ్చులో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవారట. ఇప్పుడు కింద షెడ్డులో గుడ్డని రంగుకి సిద్ధం చేసేది కూడా ఆ కరక్కాయతోనే. ఈ కేసుకి దీనితో సంబంధమేమీ లేదు, నాకు నచ్చి రాశాను.

ఆ వేసవి ఫలితం. మే మూడో వారంలో, గాలి 38 డిగ్రీలున్న మధ్యాహ్నం, రేకు 45 దగ్గర. షెడ్డులో తలెత్తున గాలి వేడి తగ్గింది మూడు డిగ్రీలే. కాగితం మీద ఇది చూసిన నా స్నేహితుడు "ఇంతేనా" అన్నాడు. అతను షెడ్డులో నిలబడి చూడలేదు. 60 డిగ్రీల రేకు తల మీద ఉంటే గాలి ఎంతున్నా ఒళ్ళు కాలుతుంది, రేకు నుంచి వేడి నేరుగా మనిషి మీదకి వస్తుంది కనుక. తేమ ఊళ్ళో చెమట ఎలాగూ ఆరదు కాబట్టి ఈ మంట ఇంకా ఎక్కువ బాధిస్తుంది. అద్దకం పని చేసే ఒకావిడ, "నెత్తి మీద కుంపటి దించినట్టుందండీ" అంది. నా రిపోర్టులో మొదటి పేజీ మీద ఆ మాటే రాశాను.

శ్లాబు సంగతి వేరు. రేకు క్షణాల్లో వేడెక్కి క్షణాల్లో చల్లారుతుంది. ఐదంగుళాల కాంక్రీటు పగలంతా వేడి మింగి సాయంత్రం నుంచి కక్కుతుంది. మేడ మీద గదుల్లో రాత్రి పదింటికి ఫ్యాన్ వేడి గాలే కొట్టడానికి కారణం ఇది. ఇక్కడ రోజు మొత్తం లెక్క చూడాలి. వేసవిలో చదరపు మీటరు కప్పు మీద రోజుకి సుమారు 6 యూనిట్ల ఎండ పడుతుంది. మాసిన సిమెంటు కప్పు అందులో 65 శాతం పట్టుకుంటే 3.9 యూనిట్లు. సున్నం కొట్టాక పావు వంతే పట్టుకుంటే 1.5. ఆకాశం 45 వాట్ల చొప్పున ఇరవై నాలుగ్గంటలూ తీసుకున్నా అది ఒక యూనిట్టు. ఆకాశానికి ఒక యూనిట్టు పంపగలిగే ఊళ్ళో 2.4 యూనిట్లు అసలు లోపలికే రాకుండా ఆపుతోంది సున్నం. పొడి ఊళ్ళలో రాత్రి ఆకాశం మీద ఆధారపడి ఇల్లు కట్టొచ్చు. తీరంలో పగటి ఎండని గుమ్మంలోనే ఆపితే, రాత్రి ఆ కాస్త ఆకాశం మిగిలింది లాగేయగలదు. ఆ వరసలోనే పని చేస్తుంది ఇది.

అందుకే శ్లాబు మీద శాశ్వతంగా రేకుల పందిరి వేయిద్దామన్న ఆలోచన కూడా వద్దన్నాను. పందిరి పగలు నీడ ఇస్తుంది, రాత్రి ఆకాశాన్ని కప్పేస్తుంది. వెనకటి వాళ్ళు సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లి, నవారు మంచాలేసుకుని ఆరుబయట పడుకున్నది ఊరికే కాదు.

చిన్న తలనొప్పులూ వచ్చాయి. పక్క మేడ వాళ్ళకి కిటికీలోంచి తెల్ల రేకుల మెరుపు కళ్ళలో పడి గొడవ పెట్టుకున్నారు. చివరికి మా ఖర్చుతోనే వాళ్ళకి వెదురు తడక కట్టించాం. మెరుపు లేని మ్యాట్ పెయింటు వేసి ఉంటే ఈ గొడవ కొంత తగ్గేది. వానలో పెయింటు రేకులు జారతాయని కూలీలకి ముందే చెప్పకపోవడం నా తప్పు. ఎవరూ పడలేదు కాబట్టి బతికిపోయాను.

షెడ్డులో వాన

ఇక డిసెంబరు ఫోన్. నేను వెళ్ళేసరికి ఎనిమిదయింది, రేకుల అడుగున ఇంకా చుక్కలు వేలాడుతున్నాయి. బల్ల మీద రాత్రి వదిలేసిన గుడ్డలో నాలుగైదు గజాలు పాడైంది. బెల్లంలో తుప్పు ఇనుము నానబెట్టి చేసే నల్ల రంగు ఇంకా నిలవకముందే నీళ్ళు పడి, గీతలు పాకి, మరకలు కట్టాయి.

కారణం నేను వేయించిన పెయింటే. వెండి రంగు వేడిని సరిగ్గా వదిలేది కాదు కాబట్టి రాత్రి ఆకాశానికి ఇచ్చేదీ తక్కువే. తెల్ల పెయింటు బాగా వదులుతుంది. డెల్టాలో డిసెంబరు రాత్రుళ్ళు ఆకాశం తేటగా ఉంటుంది, గాలి కదలదు, గాలి వేడికి మంచు బిందువుకి మధ్య ఒకటి రెండు డిగ్రీల తేడాయే. రేకు గాలి కంటే మూడు నాలుగు డిగ్రీలు దిగితే చాలు, మంచు బిందువు దాటి కిందకి పోతుంది, పైనా అడుగునా నీళ్ళు పడతాయి. పగలు చల్లదనం కోసం ఏ గుణాన్ని కొనుక్కున్నామో, రాత్రి ఆ గుణమే నీళ్ళు కురిపించింది. నా మే నెల లెక్కల్లో తేమని శత్రువుగా చూశాను గానీ, చలికాలం రాత్రి అది ఏం చేస్తుందో ఒక్క గీత కూడా గీయలేదు.

ముందు చేసింది పైసా ఖర్చు లేని పని. ఉతికిన తడి గుడ్డలు రాత్రుళ్ళు షెడ్డులోనే ఆరేస్తున్నారు. లోపలి గాలిలో తేమ పెంచేది అవే. వాటిని పక్క వసారాలోకి మార్పించాం. చుక్కలు తగ్గాయి, ఆగలేదు. తర్వాత అద్దకం బల్లలున్న సగం షెడ్డుకి రేకుల అడుగున నీరు, ఆవిరి దూరని రకం ఫోమ్ షీటు అంటించాం. అతుకుల దగ్గర టేపు వెయ్యకపోతే లోపలి గాలి ఆ సందుల్లోంచి పోయి మళ్ళీ రేకుకే తగులుతుంది, అందుకని అతుకులన్నీ మూయించాం. ఆ సగంలో చుక్క పడలేదు. పగలు వేడి కూడా ఇంకొంచెం తగ్గింది. ఫోమ్ ఉంటే రాత్రి చల్లదనం లోపలికి రాదు. రాత్రి ఎవరూ లేని షెడ్డుకి అది నష్టం కాదు. అదే మనుషులు పడుకునే రేకుల ఇల్లయితే ఈ నిర్ణయం ఇంత సులువుగా తీసుకునేవాణ్ణి కాదు.

పాడైన గుడ్డ డబ్బులు నా ఫీజులోంచి తగ్గించుకోమన్నాను. ఆవిడ తగ్గించుకున్నారు.

రెండో వేసవి

2024 ఏప్రిల్లో మళ్ళీ కొలిస్తే, దాదాపు అంతే ఎండలో, అంతే గాలి వేడిలో రేకు 51. ఏడాదిలో ఆరు డిగ్రీలు తిరిగి పెరిగింది. పెయింటు పాడవలేదు, మాసిపోయింది. ఉప్పు గాలికి జిగురుగా పట్టిన దుమ్ము, వానకాలంలో నల్లగా పాకిన పాచి. తేమ ఊళ్ళలో తెల్ల కప్పుకి పాచే పెద్ద శత్రువు, ఎండలు కాదు. సబ్బు నీళ్ళు, మెత్తటి బ్రష్‌తో ఒక పూట కడిగితే 46కి దిగింది. ఇద్దరు మనుషులు, ఒక పూట కూలి. నేను చేసిన పనులన్నిటిలో రూపాయికి ఎక్కువ డిగ్రీలు ఇచ్చింది ఇదే. పండగకి ఇంటికి వెల్ల వేసే అలవాటు ఎలాగూ ఉంది కాబట్టి ఉగాది ముందు ఆదివారం కప్పు కడగాలని షెడ్డు గోడ మీద రాయించాం. సున్నం కొట్టిన శ్లాబుకి కడగడం కంటే మళ్ళీ ఒక పూత కొట్టడమే నయం.

ఈ మధ్య హైదరాబాదు నుంచి కూల్ రూఫ్ గురించి అడిగేవాళ్ళు పెరిగారు. తెలంగాణ 2023 ఏప్రిల్లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు లక్ష్యంగా పెట్టుకుంది. అంతకు చాలా ముందే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ పరిశోధకులు కలిసి అక్కడి వాణిజ్య భవనాల్లో కొలిచి, నల్ల కప్పుని తెల్లగా చేస్తే చదరపు మీటరుకి ఏడాదికి 20 నుంచి 22 యూనిట్ల కరెంటు మిగిలిందని 2012లో ప్రచురించారు. ఏసీ ఉన్న భవనాల అంకెలవి. ఏసీ లేని పెడన షెడ్డులో మిగిలేది కరెంటు కాదు, మధ్యాహ్నం రెండింటికి తల తిరగకుండా నిలబడగలిగే మనిషి. ఆ సంగతి బిల్లులో కనపడదు. హైదరాబాదు మార్చి, ఏప్రిల్ నెలల్లో మన తీరం కంటే పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఫిల్మ్‌కి కూడా కాస్త అవకాశం ఉందని నా అంచనా, నేనైతే అక్కడ ఇంకా పెట్టి చూడలేదు.

ఫిల్మ్ ముక్క ఇప్పటికీ ఆ డాబా మీదే థర్మాకోల్ పెట్టెకి అంటి ఉంది, బూడిద రంగులోకి తిరిగింది. మిగతా సగం షెడ్డుకి ఫోమ్ వేయించడానికి ఆవిడ ఒప్పుకున్నారు. ఈసారి వర్షాలు వెళ్ళి చలి మొదలయ్యేలోపే అంటించాలని, గుడ్డ తడిస్తే ఫీజు మొత్తం పోతుందని ముందే చెప్పి మరీ.